చూడి గుర్రానికి నాచు పొడి వేయొచ్చా?

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర ఊరు. మా మార్వాడీ ఆడగుర్రం 350 కిలోలుంటుంది, ఇప్పుడు ఏడో నెల చూడి. ఉలవలు, గోధుమ తవుడు, ఎండుగడ్డి పెడుతున్నాం, నాకడానికి సైంధవ లవణం గడ్డ వేలాడదీశాం. అయోడిన్ తక్కువైతే పిల్ల గొంతువాపుతో పుడుతుందని ఒక మిత్రుడు సముద్రపు నాచు పొడి డబ్బా ఇచ్చి, రోజుకు రెండు స్కూపులు వేయమన్నాడు. వేయాలా?

జవాబు: వద్దండి, ఆ డబ్బా పక్కన పెట్టేయండి. అయోడిన్ తక్కువైతే పిల్ల గొంతు కింద వాపుతో, లేచి నిలబడలేనంత నీరసంగా పుడుతుందన్నది నిజమే. కానీ ఎక్కువైనా అలాగే పుడుతుంది, ఆ ముక్క మీ మిత్రుడు చెప్పలేదు. తల్లి తిన్న అయోడిన్ మావి దాటి పిల్లకు చేరుతుంది, మోతాదు బాగా మించితే పిల్ల థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తయారీ తగ్గించేస్తుంది, అది చాలక గ్రంథి ఉబ్బిపోతుంది. ఈలోపు తల్లి మాత్రం శుభ్రంగా తిని తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఇక లెక్క. గుర్రం తినే మేతలో, తేమ తీసేస్తే, కిలోకు 0.35 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటే చాలు. మీ గుర్రం అలా రోజుకు ఏడు కిలోలు తింటుందనుకుంటే దానికి కావాల్సింది సుమారు రెండున్నర మిల్లీగ్రాములు, అంతే. నాచు పొడిలో అయోడిన్ రకాన్ని బట్టి చాలా మారుతుంది, కెల్ప్ అనే పెద్ద గోధుమరంగు నాచు రకాల్లో గ్రాముకు ఒక మిల్లీగ్రాము ఉండటం వింతేమీ కాదు, అంటే 50 గ్రాములు వేస్తే 50 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. రోజుకు 40 మిల్లీగ్రాములు, ఆ పైన తిన్న గుర్రాలకు గాయిటర్‌తో, అంటే ఆ థైరాయిడ్ గొంతువాపుతో, పిల్లలు పుట్టిన సందర్భాలున్నాయి. డబ్బా మీద అయోడిన్ ఎంతో అంకెల్లో రాయకపోతే, సహజమైనదని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా నేనైతే కొనను.

సైంధవ లవణం గడ్డ ఉండనివ్వండి, కానీ అందులో అయోడిన్ నామమాత్రమే. దాణాలో మన వంటింటి అయోడైజ్డ్ ఉప్పు రోజుకు 25 గ్రాములు, రెండు పూటలా పంచి కలపండి, పక్కన నీళ్లు ఎప్పుడూ ఉండాలి. దుకాణంలో అమ్మే ఆ ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నిబంధన, కాబట్టి 25 గ్రాముల్లో అర మిల్లీగ్రాము కూడా రాకపోవచ్చు. మిగతాది మేత నుంచి రావాలి, అది నేలను బట్టి ఉంటుంది. అందుకే గుర్రాల కోసమే చేసిన మినరల్ మిక్చర్ ఒకటి, ఒక్కటే, పశువైద్యుడికి లేబుల్ చూపించి మొదలుపెట్టండి. రెండు మూడు కలిపితే అన్నిటిలోనూ అయోడిన్ ఉండి మళ్లీ మొదటికొస్తాం.

పాడి పశువుల దాణా తెచ్చి వేయకండి, కొన్నిటిలో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు, అది గుర్రాలకు విషం, కొంచెం తిన్నా గుండె దెబ్బతింటుంది. ఆవచెక్క పెట్టే అలవాటుంటే అదీ మానండి, అయోడిన్‌ను థైరాయిడ్‌కు అందకుండా అడ్డుపడుతుంది. గాయాలకు పూసే పోవిడోన్ అయోడిన్ కూడా ఒంట్లోకి కొంత ఇంకుతుంది, చిన్న గాయానికి ఒకసారి పూస్తే పర్లేదు గానీ రోజూ ఒళ్లంతా పట్టించకండి.

ఇప్పటికే ఆ పొడి కొన్నాళ్లు వేసి ఉంటే, ఎన్ని రోజులు, రోజుకెంత అన్నది రాసిపెట్టుకుని డబ్బాతో సహా డాక్టరుకి చూపించండి. ఈనాక పిల్ల దవడ వెనుక, గొంతు దగ్గర చేత్తో తడిమి చూడండి. అక్కడ గడ్డలా తగిలినా, పిల్ల రెండు గంటల్లో నిలబడకపోయినా, పాలు పట్టకపోయినా వెంటనే ఫోన్ చేయండి. అయోడిన్ తల్లి పాలలోకీ వస్తుంది, కాబట్టి ఈనింది కదా అని ఆ డబ్బా అప్పుడూ తెరవకండి.