సిరా పూత మీద ఉప్పు చల్లి కార్డులు చేస్తుంటే నక్షత్రాలు విచ్చుకోవడం లేదు, ఎందుకు?

మీ ప్రశ్నలో మూడు ఇబ్బందులు ఉన్నాయి. సిరా పూసి ఉప్పు చల్లినా నక్షత్రాల వంటి మచ్చలు రావడం లేదని, ఉప్పు కాగితానికి అంటుకుపోయి రాలడం లేదని, వానాకాలంలో చేసిన కార్డులు కవర్లలోనే చెమ్మగిల్లాయని రాశారు. సంక్రాంతికీ ఉగాదికీ బంధువులకు పంపే కార్డులను నేను ఏడేళ్ళుగా ఈ పద్ధతిలోనే చేస్తున్నాను. మీరు చెప్పిన మూడు పొరపాట్లూ నేనూ చేశాను. నలభై కార్డులు పాడైతే గాని మూడోది నాకు బుర్రకెక్కలేదు. దాని సంగతి తరువాత చెబుతాను.

నక్షత్రాలు రానప్పుడు అందరూ ముందు ఉప్పునో సిరానో అనుమానిస్తారు. నా అనుభవంలో చాలాసార్లు తప్పు ఉప్పుదీ కాదు, సిరాదీ కాదు, చల్లిన వేళది. వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు వేసే అలవాటు ఉన్నవారికి ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు. నీళ్ళు ఇంకా నిలిచి ఉండగానే ముగ్గు వేస్తే గీత చెదిరి పాయలు పాయలుగా పారుతుంది, నేల పూర్తిగా ఆరాక వేస్తే ముగ్గు పట్టదు, గాలికి లేచిపోతుంది. ఈ రెండింటికీ నడుమ, నీరు ఇంకి నేల తడిగా మాత్రమే ఉన్న ఆ కాసేపే ముగ్గుకు అదను. సిరా పూతకు కూడా అటువంటి అదను ఒకటి ఉంది. దాన్ని కనిపెట్టాలంటే పూత పూసిన అట్టను కదపకుండా బల్ల మీదే ఉంచి, మీరే తల వంచి, ట్యూబులైటు వెలుగు కాగితం మీద పడి కంటికి తగిలేటట్టు ఏటవాలుగా చూడాలి. మొదట అక్కడక్కడ చిన్న చిన్న మడుగులు అద్దాల్లా తళతళలాడుతుంటాయి. అప్పుడు చల్లితే ఉప్పు పూర్తిగా కరిగిపోయి రంగు కొంచెం మసకబారడం తప్ప మరేమీ జరగదు. కాసేపటికి మడుగులు పోయి కాగితం అంతటా ఒకే తీరుగా, పట్టుబట్ట మీది నిగారింపు వంటి మెరుపు మిగులుతుంది. చల్లవలసింది అప్పుడే. ఆ మెరుపు ఒక అంచు నుంచి తగ్గిపోవడం మొదలైందంటే ఆలస్యమైనట్టే, ఆ తరువాత చల్లిన ఉప్పు కరగడానికి నీరు చాలక, ఆరుతున్న రంగులో ఇరుక్కుని ఇసుకలా అంటుకుపోతుంది. మీ ఉప్పు రాలకపోవడానికి ఇదే కారణమై ఉంటుందని నా అంచనా.

ఈ మెరుపు ఎంతసేపు నిలుస్తుందో గడియారం పెట్టుకుని చెప్పలేము. మాది చీరాల ప్రాంతం. వేసవి మధ్యాహ్నం పలచని పూత మీద నిమిషం కూడా నిలవని మెరుపు, కార్తీకమాసపు ఉదయాన తీరిగ్గా కాఫీ తాగి వచ్చేదాకా ఉంటుంది. అందుకే వేసవిలో నేను ముందుగా కాగితాన్ని వట్టి నీళ్ళతో ఒకసారి తడిపి, ఆ తడి మీద సిరా పూస్తాను. ఫ్యాను తప్పకుండా ఆపేస్తాను, ఎందుకంటే అది ఒక పక్కను ముందే ఆరబెట్టి రెండో పక్కను తడిగా వదిలేస్తుంది.

చల్లిన తరువాత ఏం జరుగుతుందో ఒక్కసారైనా దగ్గరగా కూర్చుని చూడండి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తరువాత ఒక్కొక్క పలుకు అడుగున చెమ్మ చేరి అది రంగు పీల్చుకుని నల్లబడుతుంది, దాని చుట్టూ సన్నని లేత వలయం ఏర్పడుతుంది, ఆ వలయం అంచు నుంచి మంచు పలుకు కొమ్మల్లాగా తెల్లని చారలు బయటికి పాకుతాయి. ఉప్పుకు నీటిని లాగే గుణం ఉంది కనుక పలుకు చుట్టూ ఉన్న పలుచని నీటి పొర దాని వైపు కదులుతుంది, నీటితోపాటు రంగు కూడా కదులుతుంది, అది వదిలి వచ్చిన చోటు వెలిసిపోతుంది. ఆరాక రాల్చిన పలుకులను తెల్ల కాగితం మీద పోసి చూస్తే ఆ రంగు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది: నీలం పూత మీద చల్లిన ఉప్పు లేత నీలంగా రాలుతుంది. ఈ పని జరిగినంతసేపూ కాగితాన్ని కదపకూడదు. హెయిర్ డ్రయ్యరుతో ఆరబెడదామనుకుంటే పలుకులు దొర్లిపోవడమే కాక, రంగు కదలక ముందే తడి ఆరిపోయి పని సగంలో ఆగుతుంది. పొడి రోజుల్లో రెండు మూడు గంటలు, ముసురు పట్టిన రోజుల్లో రాత్రంతా వదిలేయడమే మంచిది.

ఉప్పు విషయానికొస్తే, ప్యాకెట్లో వచ్చే మెత్తని ఉప్పు సన్నని చుక్కలను ఇస్తుంది, దూరం నుంచి చూస్తే మంచు కురిసినట్టు ఉంటుంది. పెద్ద నక్షత్రాలు కావాలంటే కల్లుప్పు వాడాలి, దానినే తెలంగాణలో దొడ్డుప్పు అంటారు. మాకు చినగంజాం ఉప్పు మడులు దగ్గరే కాబట్టి అక్కడి కల్లుప్పు తేలికగా దొరుకుతుంది. అయితే దానిని ఉన్నదున్నట్టు చల్లితే బఠాణీ గింజంత పలుకు పక్కన ఆవగింజంత పలుకు పడి, పెద్దది చిన్నదాని తడిని కూడా లాగేసుకుంటుంది. అందుకని రోటిలో ఒకటి రెండు పోట్లు మాత్రమే వేసి, టీ వడకట్టే జల్లెడలో పోసి, కింద పడిన పొడిని వంటకు ఉంచుకుని, జల్లెడలో మిగిలినదాన్ని కార్డులకు వాడతాను. తడిగా ఉన్న ఉప్పు పనికిరాదు, బాణలిలో కొద్దిసేపు వేడి చేసి చల్లారాకే చల్లాలి. చల్లేటప్పుడు చేయి జానెడు ఎత్తున ఉండాలి, చిటికెడుకు మించకూడదు. కొత్తగా చేసేవారు ఆవకాయకు ఉప్పు పట్టించినట్టు పట్టిస్తారు, అప్పుడు ఒక నక్షత్రం మరొకదానిలో కలిసిపోయి మొత్తం బూడిద రంగు మరకగా మిగులుతుంది. పోస్టుకార్డు అంత చోటుకు ఇరవై ముప్పై పలుకులు చాలు. ఒక మూల ఎక్కువగా, ఎదుటి మూల అసలు లేకుండా చల్లితే చూడటానికి ఇంకా బాగుంటుంది.

సిరాలలో నాకు నచ్చినది ఫౌంటెన్ పెన్నులలో పోసే మామూలు సీసా సిరా. ఒక వంతు సిరాకు రెండు వంతుల నీళ్ళు కలిపి వెడల్పాటి కుంచెతో పూస్తాను. ముదురు నీలం, ఊదా, ఆకుపచ్చ బాగా పలుకుతాయి. పసుపు మీద ఉప్పు పనిచేసినా కంటికి ఆనదు. నల్ల సిరా వాడిచూడండి, అది చాలావరకు రెండు మూడు రంగుల కలయిక కాబట్టి ఉప్పు చుట్టూ అవి విడిపోయి, ఎవరూ అద్దకుండానే నీలం, ఎరుపు జీరలు తేలుతాయి. తుమ్మబంక కలిసిన నీటిరంగులు కూడా బాగానే పనిచేస్తాయి. కానీ మీరు వాడుతున్నానని చెప్పిన వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకుతో నాకు ఎప్పుడూ సరిగా రాలేదు. దానిలో లక్క వంటి బంధక పదార్థం ఉంటుంది, అది ఆరగానే పొరకడుతుంది, ఆ పొరలో ఉప్పు చిక్కుకుంటుంది. గోటితో గీకితే కాగితం కూడా లేచివస్తుంది. ఆల్కహాల్ ఇంకులను ఈ పనికి అసలు తలపెట్టవద్దు, ఉప్పు లాగడానికి వాటిలో తగినంత నీరే ఉండదు. పోస్టరు రంగులు మందం, వాటి సంగతీ అంతే.

కాగితం దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఐవరీ షీటు, చార్టు, జిరాక్సు కాగితం సిరాను వెంటనే లోపలికి పీల్చుకుంటాయి లేదా ఉంగరాలు తిరిగి నీటిని ఒక పక్కకు చేరుస్తాయి, ఎలా చూసినా ఆ మెరుపు సమానంగా నిలవదు. నీటిరంగులకు చేసిన 300 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి కాగితానికి జిగురు పట్టించి ఉంటారు, కనుక తడి కాసేపు పైనే నిలుస్తుంది, ఉప్పుకు కావలసింది ఆ నిలిచిన తడే. ఖరీదు ఎక్కువే గాని ఒక ఏ4 షీటు మీద ఒకేసారి పూత వేసి, ఆరాక నాలుగు ముక్కలు చేస్తే నాలుగు కార్డులకు సరిపోతుంది. పరీక్షలకు పిల్లలు తీసుకువెళ్ళే అట్ట మీద నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో అతికించి పూస్తే వంకర పోదు.

ఇక వానాకాలపు సంగతి. ఒక శ్రావణమాసంలో మా బంధువుల గృహప్రవేశానికి నలభై ఆహ్వాన కార్డులు చేసి ఇచ్చాను. కల్లుప్పు పలుకులు దీపం వెలుగులో మెరుస్తుంటే ముచ్చటపడి, రాలిపోకుండా అక్కడక్కడ కొన్నిటిని కావాలనే వదిలేశాను. కవర్లలో పెట్టి అంటించి, ముసురులో నాలుగు రోజులు అలమారలో ఉంచాం. పంచే రోజు తీసి చూస్తే కవర్ల మీద నీలి మరకలు ఉన్నాయి, లోపలి కాగితంలో ముహూర్తం రాసిన వరుస చెదిరిపోయింది, కొన్ని కవర్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. వంటింట్లో ఉప్పు జాడీ వానాకాలంలో నీరు కారుతుందని తెలిసి, డబ్బాలో నాలుగు బియ్యం గింజలు వేసుకునే మనిషిని, కార్డు మీది ఉప్పు కూడా అదే ఉప్పని ఆలోచించలేదు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే స్వచ్ఛమైన ఉప్పు కూడా ఆ తేమను లాగి కరగడం మొదలుపెడుతుంది. శుద్ధి చేయని సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కలిసి ఉంటుంది కాబట్టి అది ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. మన కోస్తాలో వానాకాలమంతా తేమ ఆ గీతకు అటూ ఇటూనే ఉంటుంది. ఆ కార్డులన్నీ పక్కన పడేసి చివరికి వాట్సాప్‌లో పిలుపులు పంపుకున్నారు. వారు నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

అప్పటి నుంచి పూత పూర్తిగా ఆరాక మూడు పనులు చేస్తాను. ముందు కాగితాన్ని నిలువుగా పట్టుకుని వెనుక నుంచి వేలితో తట్టి వదులుగా ఉన్న పలుకులను రాలుస్తాను. తరువాత పాత పోస్టుకార్డు అంచుతో, దాదాపు పడుకోబెట్టినట్టుగా పట్టి, అంటుకున్నవాటిని తోస్తాను. చివరికి పొడి నూలుగుడ్డతో తుడిచి, అరచేతితో తడిమి చూస్తాను. ఎక్కడైనా గరుకు తగిలితే మళ్ళీ మొదటి నుంచి. తడిగుడ్డ మాత్రం వాడకూడదు, మిగిలిన ఉప్పు మళ్ళీ కరిగి వచ్చిన నక్షత్రాలను కూడా చెరిపేస్తుంది. ఎంత తుడిచినా కాగితం పీచులో కొంత ఉప్పు మిగిలే ఉంటుంది, కాబట్టి కార్డును అంటించడానికి లై గాని నీళ్ళ జిగురు గాని వాడకుండా రెండు వైపులా అంటుకునే టేపు వాడుతున్నాను. ఏ4 ఐవరీ షీటును సగానికి కోసి, ఒక్కొక్క సగాన్నీ మడిస్తే 105 × 148 మిల్లీమీటర్ల కార్డు వస్తుంది. మడిచే ముందు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గీత ఒత్తితే మడత పగలదు. పూత వేసిన ముక్కను చుట్టూ 5 మిల్లీమీటర్లు తగ్గించి కోసి పైన అంటిస్తే తెల్లని అంచు మిగిలి నిండుగా కనిపిస్తుంది.

ఉప్పు పట్టిన భాగం మీద నేరుగా రాయకండి. అక్షరం అంచులు పీచుపీచుగా పాకుతాయి, ఉక్కు పాళీ అయితే తుప్పు పడుతుంది. నాది ఒకటి అలాగే పోయింది. శుభాకాంక్షలను వేరే తెల్లని పట్టీ మీద రాసి అంటించడమో, లోపలి పుటలో రాయడమో మేలు. ఉప్పు పనికి వాడిన కుంచెను కూడా అప్పటికప్పుడే మంచినీళ్ళలో కడగాలి, లేకపోతే వెంట్రుకలను పట్టి ఉంచే లోహపు తొడుగును ఉప్పు లోపలి నుంచి తినేస్తుంది.

ఈ కార్డులు ఎన్నాళ్ళు నిలుస్తాయని చివర అడిగారు. పెన్నుల సిరా ఎండకు వెలిసిపోతుంది. 2019లో చేసిన రెండు కార్డులు నా దగ్గర ఉన్నాయి: పెట్టెలో పెట్టినది ఇప్పటికీ ముదురు నీలంగానే ఉంది, కిటికీకి ఎదురుగా గోడకు గుచ్చినదానిలో మాత్రం నక్షత్రాలు ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వస్తోంది. ఎవరైనా పటం కట్టించుకుంటామని ముందే చెబితే వారి కార్డుకు మాత్రం సిరా మానేసి, ట్యూబులో వచ్చే అల్ట్రామెరైన్ నీటిరంగు వాడుతున్నాను.