మంచులో చదవడానికి ఏముంటుంది?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ధ్రువ ప్రాంతాల మంచులో రుతువును బట్టి వచ్చే రసాయన మార్పుల మీద పరిశోధన చేస్తానంటోంది. మంచంటే గడ్డకట్టిన నీళ్లే కదా, దాంతో కెరీర్ ఏముంటుందని మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ మంచులో ఏముంటుందో చెబుతాను. అంటార్కిటికా తీరంలో వేసవి వస్తే సముద్రంలోని వృక్ష ప్లవకాలు (నీళ్లలో తేలే, కంటికి కనిపించనంత చిన్న మొక్కల్లాంటి జీవులు) విపరీతంగా పెరిగి, గంధకం ఉన్న వాయువును వదులుతాయి. అది గాలిలో ఆమ్లాలుగా మారి మంచులో చేరుతుంది. అందుకే వేసవి పొరల్లో సల్ఫేట్ ఎక్కువ. చలికాలపు పొరల్లో సోడియం, అంటే సముద్రపు ఉప్పు ఎక్కువ. నాకు చాలా ఇష్టమైన చిక్కుముడి ఇదే. చలికాలంలో సముద్రం పైన గడ్డకట్టి, మంచు కప్పని నీళ్లు వందల కిలోమీటర్ల దూరం జరిగిపోతాయి. అలాంటప్పుడు ఉప్పు తగ్గాలి కదా? తగ్గదు, పెరుగుతుంది. తుఫాన్లు బలంగా ఉండటం ఒక కారణం. గడ్డకట్టిన సముద్రం మీది ఉప్పటి మంచుపొడి గాలికి ఎగిరి రావడం ఇంకో కారణం. దేని వాటా ఎంతన్నది ఇంకా తేలాల్సి ఉంది.

కురిశాక కూడా మంచు ఊరుకోదు. ఎండ తగిలితే అందులోని నైట్రేట్ విడిపోయి నైట్రోజన్ ఆక్సైడ్లుగా గాలిలోకి పోతుంది. గ్రీన్‌లాండ్‌లోని సమిట్ అనే పరిశోధన కేంద్రంలో, దక్షిణ ధ్రువం దగ్గర దీన్ని కొలిచారు. ఏటా వచ్చే ఈ హెచ్చుతగ్గులను లెక్కపెట్టే ఐస్ కోర్‌లో (మంచును లోతుగా తొలిచి తీసిన పొడవాటి మంచు కడ్డీలో) ఏ పొర ఏ ఏడాదిదో చెబుతారు.

ఇక కెరీర్ సంగతి. ధ్రువ పరిశోధనలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ, పీహెచ్‌డీ తప్పనిసరి, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు తాత్కాలిక పోస్టులే. ఇది దాచి మీకు ధైర్యం చెప్పలేను. కానీ ఆమె చేతికి వచ్చే పని మాత్రం విలువైనది. ఈ మంచులో కొలిచేవి వంద కోట్ల భాగాల్లో కొన్ని భాగాలే. చేతి చెమట తగిలినా సోడియం లెక్క తప్పిపోతుంది. అంత శుభ్రంగా నమూనా తీసి, అయాన్ క్రొమటోగ్రఫీ (నీళ్లలో కరిగిన అయాన్లను విడదీసి కొలిచే పద్ధతి), మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువులను ద్రవ్యరాశిని బట్టి గుర్తించే పద్ధతి) నడపగలిగిన వాళ్లకి మందుల తయారీలో, నీటి పరీక్షల్లో, పర్యావరణ ల్యాబుల్లో పని దొరుకుతుంది. కాబట్టి ఎమ్మెస్సీలో అనలిటికల్ కెమిస్ట్రీ తీసుకోమనండి. దాంతో పాటు స్టాటిస్టిక్స్, కొంచెం ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే మంచిది.

ఒక్క విషయం ఆమెతో కూర్చుని మాట్లాడండి. మంచు మీద గడిపేది కొన్ని వారాలు, ల్యాబులో గడిపేది ఏళ్లు. ఈ సెలవుల్లో అయాన్ క్రొమటోగ్రఫీ యంత్రం ఉన్న ల్యాబులో ఓ నెల పని చేయనివ్వండి. సీసాలు కడగడం, ఖాళీ నమూనాలు (మంచు లేకుండా శుద్ధమైన నీళ్లతో చేసే పరీక్షలు) మళ్లీ మళ్లీ నడపడం, అంకెలు రాసుకోవడం. నెల తర్వాత కూడా ఆమె ఇదే కావాలంటే, ఆపకండి.