స్నేర్ కదలకుండా నిలబడాలంటే

ప్రశ్న: మా చర్చిలో డ్రమ్స్ వాయిస్తాను. ఈ మధ్య అందరం డబ్బులు వేసుకుని 14 అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల లోతు ఉన్న స్టీల్ స్నేర్ (కింద తీగలుండే, వాయించేవాళ్ళ ముందు స్టాండ్ మీద పెట్టే డ్రమ్) కొన్నాం. కిట్‌తో వచ్చిన పాత స్టాండ్ దాన్ని ఆపలేకపోతోంది. రెండో పాట అయ్యేసరికి స్నేర్ కిందికి దిగిపోతుంది, ఒక పక్కకి వాలిపోతుంది. వాయించేవాళ్ళం ముగ్గురం, ముగ్గురివీ మూడు ఎత్తులు. గట్టి స్టాండ్ ఎలా ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. స్నేర్ దిగిపోతోందంటే పైపు జాయింట్ దగ్గర పట్టు పోయింది. వాలిపోతోందంటే, డ్రమ్‌ని చేతుల్లా పట్టుకునే బాస్కెట్ కింద, వాలుని సరిచేసే టిల్టర్ పట్టడం లేదు. కొత్తది కొనే ముందు పాత స్టాండ్ విప్పి ఆ జాయింట్ చూడండి. మంచి స్టాండ్‌లో లోపలి పైపుకీ బయటి పైపుకీ మధ్య నైలాన్ బుష్ (గొట్టంలాంటి తొడుగు) ఉంటుంది. వింగ్ నట్ బిగిస్తే ఆ బుష్ పైపుని చుట్టూరా పట్టుకుంటుంది. కొన్ని చవక రకాల్లో బుష్ ఉండదు, స్క్రూ నేరుగా పైపుని నొక్కుతుంది. నొక్కినచోట గుంట పడుతుంది. ఆ తర్వాత ఎత్తు కొంచెం మార్చి బిగించినా స్క్రూ మళ్ళీ ఆ గుంటలోకే జారుతుంది. మీది ఆ రకమైతే ఇంకా దానితో కుస్తీ పట్టకండి.

షాపులో ‘డబుల్ బ్రేస్ సార్, చాలా గట్టి’ అంటారు. ఒక్కో కాలికి రెండేసి పట్టీలు ఉండటమే డబుల్ బ్రేస్. మీ స్నేర్ బరువుకి అది కావాలి, కాదనను. కానీ అది కాళ్ళ వరకే. కాళ్ళు ఎంత లావుగా ఉన్నా పైన టిల్టర్ నాసిరకమైతే ఆ స్టాండ్ పనికిరాదు. అందుకే నేను పైనుంచి కిందికి చూడమంటాను: ముందు బాస్కెట్, తర్వాత టిల్టర్, తర్వాత జాయింట్, చివరికి కాళ్ళు.

టిల్టర్లు రెండు రకాలు. పళ్ళున్నవి గట్టిగా పట్టుకుంటాయి, కానీ ఒక పన్ను నుంచి ఇంకో పన్నుకే కదులుతాయి. మీకు కావలసిన వాలు ఆ రెండింటి మధ్య ఉంటే దొరకదు. సరిగా బిగించకుండా బలంగా వాయిస్తే ఆ పళ్ళు అరిగిపోతాయి కూడా. పళ్ళు లేని రకంలో వాలు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. పెర్ల్ వాళ్ళ యూనీలాక్, టామా వాళ్ళ ఆమ్నీబాల్ ఈ కోవవే. ముగ్గురు మార్చి మార్చి వాయించే మీలాంటి చోటికి నేను రెండో రకమే చెబుతాను.

షాపుకి మీ స్నేర్ తీసుకెళ్ళండి. ఫొటో చూపించి కొనొద్దు. స్నేర్‌ని బాస్కెట్‌లో పెట్టి, మీరు వాయించే ఎత్తులో బిగించి, రెండు అరచేతులతో రిమ్‌ని (డ్రమ్ పైన చుట్టూ ఉండే చట్రాన్ని) ఒక అంచున కిందికి నొక్కండి. తర్వాత ఎదురు అంచున నొక్కండి. జాయింట్ దిగకూడదు, టిల్టర్ కదలకూడదు, మూడు కాళ్ళలో ఏదీ నేల వదలకూడదు. ఆపైన స్టిక్స్‌తో కాసేపు రిమ్‌షాట్లు (డ్రమ్ పొర, రిమ్ రెండూ ఒకేసారి తగిలే దెబ్బలు) కొట్టి చూడండి. షాపువాళ్ళు విసుక్కున్నా ఫరవాలేదు, డబ్బు మీది.

ఎత్తుల సంగతికి మెమొరీ లాక్ ఉన్న స్టాండ్ తీసుకోండి. పైపు మీద డ్రమ్ కీతో (డ్రమ్ మరలు తిప్పే చిన్న తాళంచెవితో) బిగించే చిన్న రింగు అది. జాయింట్ కొంచెం వదులైనా పైపు ఆ రింగు దగ్గరే ఆగుతుంది. మీలో పొట్టిగా ఉన్నవాళ్ళ ఎత్తుకి ఆ రింగు బిగించి, మిగతా ఇద్దరి ఎత్తులకీ పైపు మీద రెండు రంగుల టేప్ ముక్కలు అంటించుకోండి. లాక్ లేని స్టాండ్ అయితే హార్డ్‌వేర్ షాపులో పైపు సైజుకి సరిపడా హోస్ క్లిప్ దొరుకుతుంది. జాయింట్‌కి సరిగ్గా పైన, లోపలి పైపుకి దాన్ని బిగిస్తే అదే పని చేస్తుంది. మీ పాత స్టాండ్‌ని కూడా కొన్నాళ్ళు ఇలా నడపొచ్చు.

ఇక బిగింపు. ఈ విషయంలో మన కుర్రాళ్ళని చూస్తే బాధేస్తుంది. డ్రమ్ పడిపోతుందన్న టెన్షన్‌తో బాస్కెట్‌ని పిండేసినట్టు బిగిస్తారు, ఆ తర్వాత స్నేర్ మోగడం లేదని హెడ్ (డ్రమ్ మీది పొర) మారుస్తారు. బాస్కెట్ చేతులు డ్రమ్‌ని కదలకుండా పట్టుకుంటే చాలు. అవి కింది వైరు తీగలకి గానీ, వాటిని వదిలే లివర్‌కి గానీ తగలకూడదు. చేతుల చివర రబ్బరు తొడుగులు ఊడిపోతే వెంటనే వేయించండి. లేకపోతే క్రోమ్ గీరుకుపోతుంది, మోతలో గరగర కూడా చేరుతుంది.

టైల్స్ నేల అయితే కిట్ మొత్తం కింద మందపాటి కార్పెట్ వేయండి. కాళ్ళు బాగా వెడల్పుగా పరవండి, కానీ నడిమి పైపు నేలకి ఆనకూడదు. ఆనితే బరువు కాళ్ళ మీద కాక దాని మీద పడి స్టాండ్ ఊగుతుంది. తెనాలి ఉక్కకి తుప్పు తొందరగా పడుతుంది కాబట్టి వాయించాక పొడి గుడ్డతో తుడవండి. మిషను నూనె మరల మీద చుక్క వేయొచ్చు, బుష్ పట్టుకునే పైపు మీద మాత్రం పడనివ్వకండి.

ప్రశ్న: మా పాపకి పదేళ్ళు, డ్రమ్స్ నేర్చుకుంటోంది. స్టాండ్ పూర్తిగా దించినా స్నేర్ తన ఛాతీ దాకా వస్తోంది. స్టూలు ఎత్తు పెంచాలా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: పెంచొద్దమ్మా. స్టూలు పెంచితే పాదాలు పెడల్స్‌కి అందవు, నడుము నొప్పి మొదలవుతుంది. ముందు పాప పాదాలు నేలమీద పూర్తిగా ఆని, తొడలు మోకాళ్ళ వైపు కొంచెం కిందికి వాలేలా స్టూలు పెట్టండి. స్నేర్ రిమ్ తొడకంటే కొద్దిగా పైన, బొడ్డుకి అటూఇటూగా ఉండాలి. భుజాలు పైకి లేస్తున్నాయంటే ఇంకా ఎత్తు ఎక్కువన్నమాట.

పెద్దల స్టాండ్లు కొన్ని అంత కిందికి దిగవు. కొనేటప్పుడు అందరూ ఎంత ఎత్తుకి లేస్తుందో అడుగుతారు, మీరు ఎంత కిందికి దిగుతుందో అడగండి. లోతైన డ్రమ్ముల కోసం బాగా కిందికి దిగేలా చేసిన స్టాండ్లు వస్తాయి, అవి పిల్లలకీ సరిపోతాయి. స్నేర్ కూడా మార్చే ఆలోచన ఉంటే 12 లేదా 13 అంగుళాలది, ఐదు అంగుళాల లోతుది చూడండి. కాకపోతే కొన్ని బాస్కెట్లు 12 అంగుళాల దాకా ముడుచుకోవు, అది కూడా షాపులోనే పెట్టి చూసుకోవాలి.

ఇంకొకటి. మ్యాచ్డ్ గ్రిప్ (రెండు చేతులతోనూ స్టిక్స్‌ని ఒకేలా పట్టుకోవడం) నేర్పుతున్నట్టయితే స్నేర్‌ని దాదాపు సమంగా ఉంచండి. ఎడమ పక్కకి ఎత్తి, కుడికి వాల్చి పెట్టే అలవాటు మెడకి వేలాడే డ్రమ్ నుంచి వచ్చింది. మన బ్యాండు మేళంలో సైడ్ డ్రమ్ చూడండి, నడిచేటప్పుడు వాలుగానే ఉంటుంది. ఆ వాలుకి తగ్గట్టే ఎడమ చేయి కిందనుంచి పట్టే ట్రెడిషనల్ గ్రిప్ పుట్టింది. ఎత్తు, వాలు మార్చుకునే స్టాండ్ 19వ శతాబ్దం చివర్లో గానీ రాలేదు. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో థియేటర్ డ్రమ్మర్‌గా పనిచేసిన యులిసిస్ లీడీ దాన్ని వాడుకలోకి తెచ్చాడని పేరు. అంతకుముందు కూర్చుని వాయించేవాళ్ళు డ్రమ్‌ని కుర్చీ మీద ఆనించుకునేవారు.

ప్రశ్న: 12 అంగుళాల టామ్‌ని (కిట్‌లో కింద తీగలు లేని డ్రమ్‌ని) స్నేర్ స్టాండ్ మీద పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: నిక్షేపంగా పెట్టొచ్చు. టామ్‌కి కన్నం పెట్టి పైపు దూర్చడం ఇష్టం లేనివాళ్ళు చాలామంది అలాగే పెడతారు. బాస్కెట్ 12 అంగుళాలకి ముడుచుకోవాలి, లోతు తక్కువ టామ్ అయితే మేలు. వదులుగా పట్టండి, బిగిస్తే మోత చచ్చిపోతుంది. బేస్ డ్రమ్ పక్కనుంచి పెట్టాలి కాబట్టి స్టాండ్ కాస్త ఎత్తుకి లేచేదై ఉండాలి.