ముఖం చెప్పని నొప్పి

కర్నూలు

అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ చదివాను. అనంతపురం దగ్గర వేరుశనగ రైతు, ఆయనకు పార్కిన్సన్ జబ్బు, చూడవచ్చిన మనవరాలు. చేను ఎండిన తీరు చక్కగా రాశావు. తాతను మాత్రం మొదటి నుంచి చివరి దాకా వణికించావే తప్ప, ఆయనకు ఎక్కడా నొప్పి పుట్టలేదు.

ఆ వణుకైనా సరిగ్గా పట్టలేదు. గ్లాసు ఎత్తగానే టీ ఒలికిపోయే దృశ్యం సినిమాల్లోది. ఈ జబ్బులో చేయి ఊరికే ఒళ్ళో ఉన్నప్పుడు వణుకు ఎక్కువ, పనిలో పెడితే సాధారణంగా తగ్గుతుంది. కొందరికి వణుకే ఉండదు.

1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణించిన వ్యాసంలోనే కీళ్ళవాతం లాంటి నొప్పుల ప్రస్తావన ఉంది. అయినా అందరి కళ్ళూ వణుకు మీదే నిలిచాయి. రోగుల్లో సగానికి పైగా ఏదో ఒక నొప్పితో బతుకుతారు. కొందరికి వణుకు కంటే ముందే భుజం పట్టేస్తుంది. మన వైపు ఆ భుజానికి పట్టే గతి నీకు తెలుసు. బస్తాలు మోసినందుకే అంటారు, వాతం అంటారు, ఆముదం కాచి రాస్తారు, ఎముకల డాక్టరు ఇంజక్షన్ వేస్తాడు. నరాల డాక్టరు దాకా చేరేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. తాత చొక్కా తొడుక్కోలేకపోయిన రోజున మొదలుపెట్టు నీ కథ.

తర్వాత ఒక తెల్లవారుజాము రాయి. ఈ జబ్బుకు ఇచ్చే మందు లెవోడోపా; రాత్రి వేసుకున్న ఆ మాత్ర బలం అయిపోయి ఉంటుంది. బొటనవేలు పైకి లేస్తుంది, మిగతా వేళ్ళు అరికాలి వైపు ముడుచుకుంటాయి, పిక్క బిగుసుకుపోతుంది. చెప్పులో పాదం పట్టదు. అవ్వ కింద కూర్చుని ఒక్కో వేలూ విప్పుతుంది. ఇది విప్పేలోగా అది ముడుచుకుంటుంది. తాత ముఖంలో మాత్రం ఏ మార్పూ ఉండదు, ముఖ కండరాలూ బిగుసుకుపోయాయి కదా. అంత నొప్పి లేదులే అనుకుని అవ్వ లేచిపోతుంది. ఇంతకన్నా పెద్ద మలుపు నీ కథకు అక్కర్లేదు.

ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయే రసాయనం డోపమైన్, ఆ మాత్ర భర్తీ చేసేది దాన్నే. అది కదలికలకే కాదు, నొప్పి తీవ్రతను సవరించడానికీ కావాలి. మందు ప్రభావం దిగిపోయిన వేళ నొప్పిని తట్టుకునే హద్దు కూడా తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పొద్దున హాయిగా అనిపించిన మనవరాలి చేయే మధ్యాహ్నం భుజం మీద పడితే ఆయన విదిలించుకోవచ్చు. అందుకే ఏ సన్నివేశం రాసినా, ఆయన మాత్ర ఎప్పుడు వేసుకున్నాడో ముందు తేల్చుకో. నీ కథలో పండగ భోజనం ఉందిగా! సంగటిలోకి మాంసం గట్టిగా లాగించి ఆ పైన మాత్ర వేస్తే, మాంసకృత్తులు అడ్డుపడి మందు సరిగా ఒంటబట్టదు. ఆ సాయంత్రం నీకు చేతికందిన సన్నివేశం. ఈ వివరాలన్నీ డాక్టరు పాత్రతో ఉపన్యాసంగా చెప్పించావో, ఆ పేజీ నేను చదవను.

‘భరించలేని బాధ’ కొట్టేయి. పీకుతోందా, మండుతోందా, గుంజుతోందా, సలుపుతోందా? కండరం పట్టేసిన నొప్పికీ నరాల మంటకీ వైద్యమే వేరు, నీ వాక్యం ఒకటే అయితే ఎలా?

ఇంకో కథలో హంటింగ్టన్ జబ్బు (వంశపారంపర్యంగా వచ్చే మరో మెదడు జబ్బు) మనిషిని రాస్తానన్నావు. ఈ వివరాలు తీసుకెళ్ళి అక్కడ అతికించకు. ఆ జబ్బులో కొందరు నొప్పి పుట్టాల్సిన చోట కూడా ఉందని చెప్పరు.

చివర్లో పక్కింటాయన దూలగొండి గింజల పొడి తెచ్చిస్తాడు కదా, దాన్ని మూఢనమ్మకంగా తేల్చేశావు. ఆ గింజల్లో లెవోడోపా నిజంగానే ఉంది. అందుకే అది ప్రమాదం కూడా. మాత్రల మీద ఆ పొడీ తోడైతే మోతాదు మించి వాంతులు కావచ్చు, ఒళ్ళు తనంతట తానే మెలికలు తిరగవచ్చు. తాత ఆ పొడి ఎవరికీ చెప్పకుండా వేసుకుంటాడా, అవ్వకు చెప్పి వేసుకుంటాడా? అది తేల్చుకుని తిరగరాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టు.

నీ శ్రేయోభిలాషి