మీ ప్రశ్న, నా జవాబు

ప్రశ్న: మేడమ్, నాకు 36 ఏళ్ళు. ఇంట్లో, ఆఫీసులో అందరూ ‘ఈవిడకి ఎంత ఓపికో’ అంటారు, లోపల మాత్రం ఒకటే కుతకుత. రాత్రి తొమ్మిదింటికి మా పెద్దాడపడుచు చెప్పకుండా వస్తే నవ్వుతూనే మళ్ళీ కుక్కర్ పెడతా, మనసులో తిట్టని తిట్టు ఉండదు. ఇదంతా నటనేనా? అసలు నేను మంచిదాన్నేనా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కుక్కర్ పెట్టారు కదమ్మా, ఇంకెక్కడి నటన! తిట్లు మీ ఒక్కరికే వినపడ్డాయి, అన్నం మాత్రం ఆవిడ కడుపు నిండా తినెళ్ళింది. జోకులు పక్కనపెడితే, సిమీన్ వజీర్ అనే సైకాలజిస్ట్ 2010లో అమెరికాలో 165 మంది మీద చేసిన స్టడీ ఒకటుంది, ఎవరి గురించి వాళ్ళు రాసుకున్నది, వాళ్ళ ఫ్రెండ్స్ రాసింది, కొత్తవాళ్ళు రాసింది అన్నీ టెస్టులతో పోల్చి చూస్తే, కంగారు, బెంగ లాంటి లోపలి సంగతులు ఎవరివి వాళ్ళకే బాగా తెలుసట, అదే తెలివితేటల దగ్గరకొచ్చేసరికి ఫ్రెండ్స్ అంచనానే నయం, ఎందుకంటే అక్కడ మన మీద మనకుండే అభిమానం అడ్డొస్తుంది. ఓపిక ఆ స్టడీలో లేదు లెండి, కానీ మీ కేసుకీ పనికొస్తుంది: మీ కుతకుత నిజమే, వాళ్ళకి కనపడే ఓపికా నిజమే, ఒకటి నిజమైతే రెండోది దొంగది అయిపోదు. నాకు కనపడ్డ చిక్కల్లా మీరు నోరు విప్పకపోవడమే. ‘వదినా, వచ్చే ముందు ఓ ఫోన్ కొట్టండి, ఇంకో గ్లాసు బియ్యం పోస్తా’ అని నవ్వుతూనే అనేయండి. దాంతో ఓపిక బిరుదు పోతే పోనీండి, దాన్నేం బ్యాంకులో వేసుకోలేం కదా.

ప్రశ్న: సొంతిల్లు కట్టుకుంటే గానీ నాకు సంతోషం రాదనిపిస్తోంది. నిజమేనంటారా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కట్టుకోండి సార్, అద్దె బాధన్నా తప్పుతుంది. సంతోషం సంగతికొస్తే, 1978లో అచ్చయిన ఓ స్టడీలో అమెరికాలోని ఇల్లినాయ్‌లో లాటరీ తగిలిన 22 మందిని అడిగితే, మామూలు వాళ్ళకంటే పెద్ద హ్యాపీగా ఏం లేరు, పైగా టిఫిన్ తినడం, ఫ్రెండ్‌తో కబుర్లు, పత్రిక చదవడం లాంటి చిన్నచిన్నవాటిలో వాళ్ళకొచ్చే మజా తక్కువేనని తేలింది. 22 మందే కాబట్టి మరీ మనసులో పెట్టుకోకండి. గృహప్రవేశమయ్యాక ఈఎంఐ గోలలో పడి మా పత్రిక మానేస్తే మాత్రం ఊరుకోను!