‘మీ పనిని తప్పుపట్టిన సందర్భం చెప్పండి’ అంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: బీఎస్సీ ఆక్వాకల్చర్ చదివాను. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఏడాదిగా క్వాలిటీ విభాగంలో చేస్తున్నాను. ఈమధ్య కాకినాడలో ఒక ఇంటర్వ్యూకి వెళ్తే, ‘పైవాళ్లు మీ పనిని తప్పుపట్టిన సందర్భం చెప్పండి’ అన్నారు. ‘అలాంటిదేమీ లేదు సార్’ అన్నాను. ఆ తర్వాత పెద్దగా ఏమీ అడక్కుండానే పంపేశారు. నిజం చెబితే ఉద్యోగం ఇస్తారా? పది రోజుల్లో ఇంకో ఇంటర్వ్యూ ఉంది.

జవాబు: నిజమే చెప్పండి. కాకపోతే ఏ సంఘటన చెప్పాలో ముందే తేల్చుకుని వెళ్లండి. ప్లాంటులో ఏడాది చేసి ఒక్క మాట కూడా పడలేదంటే, దాస్తున్నారనైనా అనుకుంటారు, చెప్పినా చెవికెక్కించుకోరనైనా అనుకుంటారు. క్వాలిటీలో ఉన్నవాళ్లకి రెండోది పెద్ద లోపం. ఆడిటర్, కొనుగోలుదారు, ప్రొడక్షన్ ఇన్‌ఛార్జ్ ముగ్గురూ వేలెత్తి చూపే సీటు అది.

ఎంపికలోనే చాలామంది తడబడతారు. ‘మరీ ఎక్కువ కష్టపడతానని మా సార్ అంటుంటారు’ లాంటివి వద్దు, అది పొగడ్త అని వినగానే తెలిసిపోతుంది. టెంపరేచర్ రీడింగులు షిఫ్టు చివర్లో ఒకేసారి నింపేశారని చీవాట్లు తిన్నా, ఆ ఉదాహరణ ఎంచుకోకండి. హాసప్ (HACCP, ఆహారం ఎక్కడ పాడయ్యే ప్రమాదముందో ముందే గుర్తించి అదుపు చేసే విధానం) పద్ధతిలో నడిచే ప్లాంటుకి ఆ రికార్డే సాక్ష్యం కాబట్టి అది నిజాయతీ ప్రశ్న అయిపోతుంది. అలాంటి అలవాటు ఉంటే ముందు పనిలో మానుకోవాలి. చెప్పే సంఘటన మీ చేతి పనికి సంబంధించినదై ఉండాలి, నేర్చుకుంటే పోయేదై ఉండాలి, దిద్దుకున్న గుర్తు ఏదో ఒకటి మిగిలి ఉండాలి.

మీ పనిలోంచే ఒకటి చూద్దాం. చెరువు గట్టు మీద కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క. ఎగుమతి పెట్టెల మీద 21/25 అని ఉంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 21 నుంచి 25 రొయ్యలు. శాంపిల్‌లో నీళ్లు పూర్తిగా కారకముందే కాటా మీద పెడితే నీటి బరువూ కలుస్తుంది, పౌనుకి తక్కువ రొయ్యలే తూగుతాయి. 27 రావాల్సిన సరుకు 25 చూపించి పై గ్రేడులోకి, అంటే పెద్ద రొయ్యల గ్రేడులోకి, వెళ్లిపోతుంది. సూపర్‌వైజర్ రీచెక్‌లో దొరికేది ఇలాంటిదే. దీన్ని ఇలా చెప్పొచ్చు:

‘చేరిన రెండో నెలలో నా కౌంటూ సూపర్‌వైజర్ గారి కౌంటూ కలవలేదండి. శాంపిల్ తడిగానే తూస్తున్నావని గ్రేడింగ్ టేబుల్ దగ్గర అందరి ముందూ అన్నారు. ఆ పూట చిన్నబోయాను. షిఫ్టు అయ్యాక వెళ్లి, ఎంతసేపు ఆగి తూయాలో అడిగి తెలుసుకున్నాను. అప్పటి నుంచి జల్లెడలో రెండు నిమిషాలు ఉంచి తూస్తున్నాను, ఆ టైము రిజిస్టర్‌లో రాస్తున్నాను. నెల రోజులపాటు ప్రతి షిఫ్టులో మొదటి శాంపిల్‌ని సీనియర్ చేత మళ్లీ తూయించాను. ఇద్దరి లెక్కా కలుస్తోందని తేలాకే ఆపాను.’

చదివితే నిమిషం పట్టదు. ఒకటిన్నర నిమిషం దాటనివ్వకండి. తప్పు చెప్పడానికి రెండు వాక్యాలు, బాధపడ్డానని చెప్పడానికి ఒకటి, మిగతాదంతా ఏం మార్చారో చెప్పడానికే. ‘అప్పటి నుంచి జాగ్రత్తగా ఉన్నాను’ అనడం మార్పు కిందికి రాదు. జల్లెడ, రెండు నిమిషాలు, రిజిస్టర్‌లో టైము, ఇవే మార్పు. ఈ జవాబుని బట్టీ పట్టకండి. మీకు జరగనిది చెబితే తర్వాతి ప్రశ్నలోనే దొరికిపోతారు: ‘ఆ టైము రిజిస్టర్‌లో ఎక్కడ రాసేవారు?’

మన గోదావరి జిల్లాల పిల్లల్లో ఒక అలవాటు తరచూ అడ్డొస్తుంది. పైవాళ్లు ఏమన్నా ‘ఆయ్, అలాగేనండి’ అని తలూపి వచ్చేస్తాం. అది మర్యాదే, తప్పేం లేదు. కానీ ఇంటర్వ్యూలో కథ అక్కడితో ఆగిపోతే, మాట విన్నారనే తెలుస్తుంది తప్ప అర్థం చేసుకున్నారని తెలియదు. తిరిగి వెళ్లి ‘ఎంతసేపు ఆగాలండి?’ అని అడగడం ఎదురు చెప్పడం కాదు. జవాబులో ఆ అడిగిన మాట తప్పకుండా ఉండాలి.

సూపర్‌వైజర్ మీద నెపం మాత్రం వేయకండి. ‘ఆవిడకి నేనంటే పడదు’ అన్నారంటే, రేపు తమ గురించీ ఇలాగే అంటారనుకుంటారు. ‘ఆ విమర్శ సరైనదేనా?’ అని అడిగితే సగమే ఒప్పుకున్నా పర్లేదు: ‘అందరి ముందూ అనకుండా ఉంటే బాగుండేది, చెప్పిన విషయం మాత్రం నిజమండి’ అంటే చాలు.

కొందరు అక్కడికక్కడే పరీక్షిస్తారు. ‘మీ రెజ్యూమె గజిబిజిగా ఉంది’ అంటారు. సమర్థించుకోవద్దు, వరుసగా సారీలూ వద్దు. ‘ఏ భాగం స్పష్టంగా లేదు సార్?’ అని అడిగి, చెప్పింది రాసుకోండి.

ఉన్న పది రోజుల్లో రెండు సంఘటనలు సిద్ధం చేసుకోండి, ‘ఇంకొకటి చెప్పండి’ అనడం మామూలే. ముందు తెలుగులో రాసి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. ఎక్కడ సాగదీస్తున్నారో మీ చెవికే తెలుస్తుంది. ఆ తర్వాతే ఇంగ్లిష్‌లోకి మార్చండి. ప్లాంటులో రోజూ వాడే డ్రెయిన్, రీచెక్, రిజిస్టర్ లాంటి మాటలతోనే పని జరిగిపోతుంది. మీ దగ్గర ఆ రిజిస్టర్ ఇంకా ఉంటే మార్పు మొదలైన తేదీ చూసి గుర్తుపెట్టుకోండి. పేజీల ఫొటోలు మాత్రం తీసుకెళ్లి చూపించకండి, అవి కంపెనీ రికార్డులు.