వంశలోచనం కొనే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

దగ్గుకు వాడే ఆయుర్వేదపు పొడి సితోపలాది చూర్ణం ఇంట్లోనే చేసుకోవాలనుకుంటున్నానని నీవు రాసిన ఉత్తరం అందింది. అందులోని తక్కిన నాలుగు దినుసులు నీకు తెలిసినవే; మోసపోయేది వంశలోచనం దగ్గరే కనుక ముందుగా దాని సంగతి రాస్తున్నాను.

వెదురుప్పు అని కూడా పిలిచే ఈ పదార్థం ముళ్ళ వెదురు వంటి జాతుల గడలలో, కణుపుల నడుమ ఉన్న బోలులో ఊరిన నీరు ఎండి గడ్డకట్టగా ఏర్పడుతుంది. అది ప్రతి గడలోనూ ఉండదు. ఎండిన గడను ఊపినప్పుడు లోపల పలుకులు గలగలమంటేనే చీల్చి చూస్తారు. 1791లో జేమ్స్ లూయీ మేసీ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త దీనిని పరీక్షించి, ఇది ఇసుకలో ఉండే సిలికాయేనని తేల్చాడు. ఖనిజం కనుక నిప్పులో మాడదు, నీటిలో కరగదు. పలుకును నాలుకపై పెడితే తడిని పీల్చుకొని అంటుకుంటుంది. నీటిలో వేస్తే సన్నని బుడగలు వదులుతూ, తెల్లదనం తగ్గి గాజులా తేటపడుతుంది. దీని పేరుతో పాలగుండ వంటి పిండిని కూడా అంటగడతారు. ఒకసారి నేనూ అలాగే మోసపోయాను; వానాకాలానికి చూర్ణమంతా ఉండకట్టి పారబోయవలసి వచ్చింది. పిండి అయితే అయోడిన్ చుక్కకు నల్లనీలంగా మారుతుంది. కర్మాగారంలో చేసిన సిలికాను మాత్రం ఈ పరీక్షలేవీ పట్టించలేవు కాబట్టి నమ్మకస్తుల దగ్గరే కొనాలి.

ఇక పాళ్ళు: పటికబెల్లం 80 గ్రాములు, వంశలోచనం 40, పిప్పళ్ళు 20, ఏలకుల గింజలు 10, దాల్చినచెక్క 5. వేటికవి విడిగా దంచి, వస్త్రగాళితం పట్టి (పలుచని గుడ్డలో జల్లించి), చెమ్మను లాగే పటికబెల్లాన్ని చివర కలుపు. వంశలోచనం నూరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పెద్దలకు ఒక మోతాదు 1 నుంచి 3 గ్రాములు, తేనెతో. ఏడాది నిండని పసివారికి తేనె తగలనివ్వరాదు. ఇందులో సగానికి పైగా పటికబెల్లమే గనుక మధుమేహం ఉన్నవారు వైద్యుని అడగనిదే వాడరాదు. చరకసంహితలో ఈ మందు రాజయక్ష్మ, అంటే క్షయ, చికిత్సలో కనిపిస్తుంది, కానీ అది చూసి క్షయకు దీనినే నమ్ముకోవడం ప్రాణాంతకం. దగ్గు రెండు వారాలు దాటినా, కఫంలో రక్తపు జీర కనిపించినా చూర్ణం పక్కన పెట్టి కఫ పరీక్ష చేయించాలి.

వెదురు కొమ్ముల గురించి కూడా అడిగావు. లేత కొమ్ములలో టాక్సిఫిలిన్ అనే పదార్థం ఉంటుంది. అది విడిపోతే సైనైడ్ పుడుతుంది. అందువల్ల పొరలు ఒలిచి, పలుచగా తరిగి, ఎక్కువ నీటిలో మూత లేకుండా ఉడికించి, చేదు పోయేదాకా ఆ నీళ్ళు మారుస్తూ పారబోయాలి. గాయిటర్ (మెడలోని థైరాయిడ్ గ్రంథి వాపు) ఉన్నవారు వీటిని తరచుగా తినకపోవడమే మేలు. వెదురాకు కషాయాన్ని ఆగిన ముట్టు రావడానికి ఇచ్చే వాడుక ఉంది కనుక, గర్భిణులకు ఇవ్వకూడదు.

ముందు ఒక్క చిన్న పలుకు మాత్రమే తెప్పించి, అయోడిన్ చుక్క వేసి చూసి నాకు రాయి. పిప్పళ్ళు ఆ తరువాత కొనవచ్చు.

నీ మామయ్య